పాత ఫోర్ వీల్ డ్రైవ్‌కి కూలెంట్ లీక్ రిపేర్: ఏళ్ల వాడకంలో ఏది నిలిచింది?

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్‌కి కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) లీక్ బాగుచేసి ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత బండి రాళ్ల దారుల్లో, బురదలో, లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లలో) పాకుతూ ఎక్కే కొండల మీద బాగానే తిరిగింది. అప్పుడు మార్చిన వాటిలో ఏది నిలిచిందో ఇప్పుడు చెప్పొచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది బండికి వేసిన కొత్త భాగమేదీ కాదు, లీకు వెతికే ప్రెషర్ టెస్టర్.

బండి చేతికొచ్చినప్పటి నుంచీ రిజర్వ్ బాటిల్‌లో మట్టం దిగుతూనే ఉండేది. నేల మీద మాత్రం తడి కనిపించేది కాదు. బోనెట్ ఎత్తితే తియ్యటి వాసన. వేడి ఇంజను మీద పడ్డ కూలెంట్ కారేలోపే ఆవిరైపోతుంది, అందుకే చుక్క దొరకదు. కొన్నాళ్లకు గేర్‌బాక్స్ కలిసే చోట తడి కనపడితే, చూసినవాళ్లంతా ఇంజను వెనక ఫ్రీజ్ ప్లగ్ (బ్లాకులోని రంధ్రాన్ని మూసే లోహపు బిళ్ల) పోయిందన్నారు. దాని కోసం గేర్‌బాక్స్ దించాలి. అసలు లీక్ ముందువైపు ఉంది. కూలెంట్ ఇంజను బ్లాకు అంచు పట్టుకుని వెనక్కి పాకి అక్కడ చుక్కయ్యేది.

అది బయటపెట్టింది టెస్టరే. చేతి పంపు, గేజ్, రేడియేటర్ మూత స్థానంలో బిగించే అడాప్టర్, ఇంతే పరికరం. ఇంజను పూర్తిగా చల్లారాక బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టాలి. చాలా బండ్లకు అది 0.9 నుంచి 1.1 బార్, అంటే 13 నుంచి 16 పీఎస్ఐ మధ్య ఉంటుంది. అంతకు మించి కొట్టకూడదు. ముల్లు నిలబడితే సరే, దిగితే టార్చి పట్టుకుని వెతకాలి. చల్లటి ఇంజను మీద కూలెంట్ ఆవిరి కాదు కాబట్టి జాడ స్పష్టంగా కనిపిస్తుంది. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే, ముందు క్యాబిన్‌లో కార్పెట్ ఎత్తి హీటర్ కోర్ (క్యాబిన్‌కి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) చూడాలి, తర్వాత హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజను బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) అనుమానించాలి. దానికి వేరే పరీక్ష ఉంది: సిలిండర్‌లో కాలిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే, టెస్ట్ ద్రవం నీలం రంగు మారిపోతుంది. ఆ పరీక్ష చేయకుండా హెడ్ విప్పనివ్వకండి.

నా బండిలో దొరికినవి రెండు. ఒకటి వాటర్ పంప్. దాని అడుగున వీప్ హోల్ అని చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి రావాలని దాన్ని పెడతారు. అక్కడ పెళుసుగా పొరకట్టి ఉంటే పంపు పని అయిపోయినట్టే. ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. లీకు కనపడటం ఆగుతుంది గానీ, బేరింగ్ తడిసి పోతుంది. పంపు షాఫ్టుకే ఫ్యాన్ బిగించిన పాత ఇంజన్లలో బేరింగ్ ఊగితే ఫ్యాన్ రెక్కలు రేడియేటర్‌ని కోసేస్తాయి. కొత్త పంపు వేసేటప్పుడు ఎక్కువ శ్రమ పాత గ్యాస్కెట్ గీకి, మొహం నున్నగా చేయడంలోనే పట్టింది. ఆ శ్రమ దండగ కాలేదు, ఆ జాయింట్ ఇప్పటికీ పొడిగా ఉంది.

రెండోది కింది హోస్ చివర. పైకి నిగనిగలాడుతున్నా, క్లిప్పు పక్కన నొక్కితే లోపల పగుళ్లు తెలిశాయి. ఈ రబ్బరు లోపలి నుంచే చెడుతుంది, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. అందుకే హోసులన్నీ ఒకేసారి మార్చాను. పైపు మూతుల మీద తుప్పు ఎమ్రీ కాగితంతో రుద్దకుండా కొత్త హోస్ ఎక్కిస్తే అది కూడా కారుతుంది. క్లిప్పుల విషయంలో నా అభిప్రాయం గట్టిది: స్క్రూ క్లిప్పులకన్నా స్ప్రింగ్ క్లిప్పులే మేలు. వేడికి, చలికి రబ్బరు సైజు మారుతున్నా అవి పట్టు వదలవు. స్క్రూవి వాడిన చోట మళ్లీ మళ్లీ బిగించాల్సి వచ్చింది, స్ప్రింగువి పెట్టిన చోట చెయ్యి పెట్టే పని పడలేదు.

రేడియేటర్ అప్పటికి కారడం లేదు గానీ, అల్యూమినియం కోర్‌కి ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించిన రకం. రోడ్డు మీద దానికి వంక పెట్టను. ఎగుడుదిగుడు దారిలో ఛాసిస్ మెలి తిరిగినప్పుడు మాత్రం ఆ జాయింట్ మీదే బరువు పడుతుంది. అందుకని రాగి, ఇత్తడిది వేయించాను. బరువెక్కువే, కానీ చిల్లి పడితే టంకం వేసుకోవచ్చు. దాని ఫిన్లు (గొట్టాల మధ్య ఉండే పలుచటి రేకులు) మెత్తన, ప్రెషర్ వాషర్‌తో కడిగితే వంగిపోతాయి. బురద ఆరకముందే మామూలు పైపుతో, ఇంజను వైపు నుంచి బయటికి కడుగుతాను. కింది రబ్బరు బుష్‌లు గట్టిపడి ఉంటే ఏ రేడియేటరైనా నిలవదు, వాటిని తప్పక చూసుకోవాలి.

లీకు ఆపుతుందని పోసే మందు గురించి ఒక మాట. అంతకుముందు ఎవరో పోసినట్టున్నారు, హీటర్ కోర్‌లోంచి గోధుమరంగు మడ్డి వచ్చింది. సన్నటి గొట్టాలు మూసుకుపోయేది ముందు అక్కడే. అడవిలో చిక్కుకుంటే బయటపడటానికి సరే, రిపేరుకి బదులుగా వద్దు.

ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోస్తున్నాను. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఈ మిశ్రమం 1 బార్ మూత కింద దాదాపు 129 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కాబట్టి మూత కూడా కొత్తది వేయండి. రంగు చూసి కూలెంట్ కలపకూడదు, ఒకే రంగులో వేర్వేరు రసాయనాలుంటాయి. పోసేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో ఉంచి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసి చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునేదాకా నడిపితే గాలి పోతుంది. సెన్సర్ దగ్గర గాలి నిలిస్తే టెంపరేచర్ ముల్లు అబద్ధం చెబుతుంది. వేడి మీద ఉండగా మాత్రం మూత ముట్టుకోవద్దు. తీసేసిన కూలెంట్ మూతున్న డబ్బాలో పట్టాలి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి.

టెస్టర్‌లోనూ లోపం ఉంది. అడాప్టర్లు అన్ని మూతులకూ సరిపోవు, కొనేముందు మీ రేడియేటర్ మెడ కొలత చూసుకోండి. దాని సొంత రబ్బరు ఎండిపోతే అక్కడే గాలి కారి, లేని లీకు ఉన్నట్టు చూపిస్తుంది. పరీక్షకు ముందు ఆ రబ్బరుకి కాస్త కూలెంట్ తడి రాస్తే సరిగ్గా కూర్చుంటుంది.