ఫెజెంట్ వేటకు ఏ షెల్స్ కొనాలి? సౌత్ డకోటాలో తొమ్మిది సీజన్లు వాడాక నా సమీక్ష

నేను కొట్టిన మొదటి ఫెజెంట్ (కోడి జాతి అడవి పక్షి) పుంజు మాకు దొరకలేదు. 2016 అక్టోబర్, అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో రెడ్‌ఫీల్డ్ ఊరి బయట కోత అయిపోయిన మొక్కజొన్న చేను. గట్టు మీద గడ్డిలోంచి అరుస్తూ లేచింది. కాల్చాను. గాలిలో నాలుగు ఈకలు రేగాయి, ఒక కాలు కిందికి వేలాడింది, అలాగే వెళ్లి దూరంగా జమ్ములో పడింది. నాకు వేట నేర్పిన మా ఆఫీసు పెద్దాయన తన లాబ్రడార్‌ను దింపి అరగంట పైగా వెతికించారు. దెబ్బ తిన్న ఫెజెంట్ ప్రాణం ఉన్నంతవరకూ జారుకుంటుంది, ఇక దాన్ని పట్టుకోవడం కుక్కకు కూడా కష్టమే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అది ఆ చలిలో ఇంకా బతికే ఉందేమో అన్న ఆలోచన వదల్లేదు. ఆ రోజు నేను వాడినవి షాపులో అన్నిటికన్నా చవగ్గా దొరికిన ఆరో నంబర్ షెల్స్, అంటే లోపల చిన్న సీసం గింజలు నింపిన తూటాలు.

అప్పటి నుంచి 2024 సీజన్ వరకు ఏడాదికి ఆరేడు వారాంతాలు ఇదే పని మీద తిరిగాను. తుపాకీ ఒక్కటే, 12 గేజ్ (గొట్టం సైజు) పంప్, అంటే ప్రతి గుండుకూ చేత్తో వెనక్కీ ముందుకీ లాగేది. మార్చిందల్లా షెల్స్, చోక్ (గింజలు ఎంత చెదరాలో నిర్ణయించే, గొట్టం చివరి బిగింపు). మన దేశంలో వేట నేరం కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఇంట్లో ఈ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు. అందుకే వివరంగా రాస్తున్నాను. ఇంకో ముఖ్యమైన మాట: హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లేకుండా అమెరికాలో తుపాకీ, షెల్స్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ముందు ఆ లైసెన్స్, తర్వాతే మిగతావన్నీ.

షెల్ నంబర్ అంటే లోపలి గింజ సైజు, దాని లెక్క తేలిక. 17లోంచి ఆ నంబర్ తీసేస్తే పెల్లెట్ (గింజ) మందం అంగుళంలో నూరో వంతుల్లో వస్తుంది. ఆరో నంబర్ 0.11 అంగుళం, అయిదు 0.12, నాలుగు 0.13. తేడా ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఔన్సు సీసంలో ఆరో నంబర్ పెల్లెట్లు సుమారు 225 ఉంటే అయిదు 170, నాలుగు 135 మాత్రమే. గింజ పెద్దదైతే లోతుగా దిగుతుంది, కానీ గింజలు తగ్గుతాయి. తగలాలంటే గింజలు ఎక్కువ కావాలి, చంపాలంటే గింజ బరువు కావాలి. షెల్ ఎంపిక అంతా ఈ రెంటి మధ్య బేరమే.

ఫెజెంట్ విషయంలో బరువు ఎందుకు ముఖ్యమో నాకు వంటింటి సింక్ దగ్గర తెలిసింది. ఈ పక్షి ఎక్కువసార్లు మనకు వీపు చూపిస్తూ లేస్తుంది. అంటే పెల్లెట్ వెనక నుంచి వెళ్లాలి. తోక ఈకలు, పేగులు, మొక్కజొన్న గింజలతో రాయిలా గట్టిగా ఉన్న కందనకాయ, ఇవన్నీ దాటితేనే గుండె, ఊపిరితిత్తులు. ఆరో నంబర్‌తో పడిన ఒక పుంజును కోస్తుంటే రెండు పెల్లెట్లు కందనకాయ కండలోనే ఆగిపోయి కనిపించాయి. తొడలో ఇంకోటి, దాని వెంట చిన్న ఈక కుచ్చు లోపలికి ఈడ్చుకుపోయింది. ఆ పక్షి పడింది మెడకు తగిలిన ఒకే ఒక్క పెల్లెట్ వల్ల. అదే దూరంలో అయిదో నంబర్‌తో పడినవాటిలో పెల్లెట్లు రొమ్ము ఎముక దాకా దిగడం చాలాసార్లు చూశాను.

2018 వేసవిలో ఒక శనివారం మొత్తం కాగితాల మీద కాల్చాను. 40 గజాల దూరం, మాంసం చుట్టే పెద్ద కాగితం, దెబ్బలు ఎక్కువ పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టడం. మాడిఫైడ్ (మధ్యస్థ బిగింపు) చోక్‌తో నా చవక షెల్‌లో 281 పెల్లెట్లు ఉంటే వృత్తంలో పడ్డవి 130 చిల్లర. మెత్తటి సీసం గింజలు గొట్టంలోనే నొక్కుకుని వంకరపోతే గాలిలో చెదిరిపోతాయి. కాగితం మీద ఒక పుంజు మొత్తం ఇమిడిపోయేంత ఖాళీలు కనిపించాయి. అదే చోక్‌తో ఫియోకీ కంపెనీ గోల్డెన్ ఫెజెంట్ అయిదో నంబర్ షెల్ కాల్చాను. అది 1 3/8 ఔన్సులు, అంటే 39 గ్రాముల సీసం, గింజలకు నికెల్ పూత, వేగం సెకనుకు 1250 అడుగులు. సుమారు 234లో 150 వృత్తంలో పడ్డాయి, అదీ సమంగా పరుచుకుని. పెట్టె మీద రాసే వేగం చూసి కొనేవాళ్లకు నా మాట ఒక్కటే: వేగం కన్నా గింజ గట్టిదనం చూడండి. చేతిలో డబ్బు తక్కువుంటే తక్కువ పెట్టెలు కొనండి, నాసిరకం కొనకండి.

చవకవాటితో ఇంకో బాధ కూడా పడ్డాను. ఒక కంపెనీ పేరు చెప్పను కానీ, వాటి అడుగు భాగం ఇత్తడి కాదు, పూత పూసిన స్టీలు. కాల్చాక అది ఉబ్బి చాంబర్‌లో (తుపాకీలో షెల్ కూర్చునే చోట) బిగుసుకుపోయేది. నవంబర్‌లో ఒక చలి పొద్దున జొన్న చేను చివర రెండు పుంజులు లేస్తే మొదటి షెల్ బయటికి రాక రెండోదాని కేసి చూస్తూ నిలబడ్డాను. అంతకన్నా బాధ, మొదటిది దెబ్బ తిని పోతోంది, రెండో గుండు వేసే వీలు లేదు. ఆ మిగిలిన పెట్టెలు గురి సాధనకు గాలిలోకి విసిరే మట్టి పళ్లాలు కాల్చడానికి వాడేశాను.

ఇక గింజలు సీసమా, స్టీలా? ఇక్కడ ఎంపిక మన చేతిలో లేని చోట్లు చాలా ఉన్నాయి. ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో (నీటి పక్షుల కోసం ఉంచిన పబ్లిక్ భూములు), రాష్ట్రం గేమ్ ప్రొడక్షన్ ఏరియాల్లో (వేట జంతువుల కోసం ఉంచినవి) చాలావాటిలో సీసం వాడకూడదు. వాక్-ఇన్ ఏరియాలు ఎక్కువగా వేటకు తెరిచిన ప్రైవేటు భూములు, అక్కడ వాడొచ్చు. ఒకే రోజు రెండు చోట్లా తిరిగితే జేబులో రెండు రకాలు కలిసిపోయి టెన్షన్. నేను 2020 నుంచి పబ్లిక్ భూమికి వెళ్లే రోజు ఇంటి నుంచే స్టీలు మాత్రమే తీసుకెళ్తున్నాను.

స్టీలు సీసం కన్నా బాగా తేలిక. అందుకే సీసంలో వాడే నంబర్ కన్నా రెండు సైజులు పెద్దది తీసుకోవాలంటారు, అయిదుకు బదులు మూడు. నేను ఇంకొక మెట్టు పైకి వెళ్లి రెండో నంబర్ దగ్గర ఆగాను. మూడు అంగుళాల షెల్, 1 1/8 ఔన్సులు, సుమారు 140 గింజలు. లెక్క చిన్నదే, కానీ స్టీలు గింజ నొక్కుకోదు కాబట్టి దాదాపు అన్నీ ముందుకే వెళ్తాయి. దీనికి ఇంప్రూవ్డ్ సిలిండర్ (కాస్త వదులు) చోక్ చాలు. ఫుల్ (బాగా బిగుతు) చోక్‌లో పెద్ద స్టీలు గింజలు కాల్చకండి, గొట్టం పాడవుతుంది. డిసెంబర్‌లో నీళ్లు గడ్డకట్టాక పుంజులన్నీ జమ్ములో దూరతాయి. అప్పుడు స్టీలు రెండో నంబర్ నన్ను ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. నాలుగో నంబర్ స్టీలు మాత్రం ఒక సీజన్ వాడి మానేశాను. దానితో దెబ్బ తిని నడిచిపోయినవి ఎక్కువ.

బిస్మత్ అనే లోహం గింజలు కూడా ఒక సీజన్ వాడాను. స్టీలు కన్నా బరువు, సీసానికి దగ్గర, అయిదో నంబర్ చక్కగా పనిచేసింది. ధర స్టీలుకు రెండింతలకు పైనే. పాత తుపాకీ ఉన్నవాళ్లకు, స్టీలు తగని గొట్టాలకు అదే దారి.

ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇలా చెప్తున్నాను. పాయింటింగ్ కుక్క (పక్షి దాక్కున్న చోట ఆగి చూపేది) ఉండి 25 గజాల లోపల లేచే పక్షులైతే ఆరో నంబర్ మంచి సీసం కూడా సరిపోతుంది. కుక్క లేకపోయినా, గాలి ఎక్కువున్నా, థాంక్స్‌గివింగ్ (నవంబర్ చివరి పండుగ) దాటాక పక్షులు దూరంగా లేస్తున్నా అయిదు. నాలుగు మోసేవాళ్లు ఉన్నారు, నాకు దానితో కాగితం మీద ఖాళీలు నచ్చలేదు. ఏ షెల్ అయినా 40 గజాలు దాటితే నేను తుపాకీ ఎత్తడం లేదు.

వంటకు వచ్చేసరికి స్టీలుకు ఒక మంచి గుణం ఉంది. ముక్కలు కోసి పళ్లెంలో పరిచి మా ఆవిడ ఫ్రిజ్ మీది అయస్కాంతం వాటి మీదుగా నెమ్మదిగా జరుపుతుంది. లోపల గింజ ఉంటే ముక్క కొద్దిగా కదులుతుంది. సీసం అలా దొరకదు. గాయం చుట్టూ అంగుళం మేర కోసి పారేసి, మిగతాది వేలితో నొక్కి నొక్కి చూస్తాం. పిల్లలకు పెట్టే పులుసులోకి మూడేళ్లుగా స్టీలుతో కొట్టినవే వేస్తున్నాం.