జాగ్రత్త: ‘హెచ్13’ అని రాసి ఉంది కదా అని ఫిల్టర్ కొనేయకండి

ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉండి ఎయిర్ ప్యూరిఫైయర్ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా దాని ఫిల్టర్ ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తోందని ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు, డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. మేం రెండుసార్లు మోసపోయాం, మొదట షాపులో, తర్వాత ఆన్‌లైన్‌లో. డబ్బు పోయిందన్న బాధ కంటే, మూడు వారాలపాటు అమ్మ రాత్రిళ్లు మంచం మీద కూర్చునే తెల్లవార్చిందన్న బాధే నాకు ఎక్కువగా ఉంది.

మాది విశాఖపట్నం, జ్ఞానాపురం వైపు. ఇక్కడివాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి, డాబా మీద ఆరేసిన తెల్ల చీర దులిపితే చేతికి నుసి అంటుకుంటుంది. ఓడల్లోంచి దింపే బొగ్గు, దాన్ని మోసుకెళ్లే లారీలు, వ్యాగన్లు, దానికి తోడు రోడ్డు దుమ్ము. చలికాలంలో గాలి పైకి లేవదు కాబట్టి అంతా కిందే ఉండిపోతుంది. కేంద్రం 2019లో మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన విశాఖ కూడా ఉంది.

నవంబర్‌లో అమ్మకి పిల్లికూతలు ఎక్కువయ్యాయని షాపుకి వెళ్లాం. అక్కడ గాజు పెట్టెలో అగరొత్తి పొగ నింపి మెషీన్ ఆన్ చేస్తే అర నిమిషంలో పొగంతా మాయమైంది, చూసి మేం పడిపోయాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పెట్టె టీవీ అంత కూడా లేదు, అంత చిన్న పెట్టెలో ఏ మెషీనైనా పొగ లాగేస్తుంది. ‘ఏడు పొరల ఫిల్టర్ మేడం, 400 చదరపు అడుగులకి సరిపోతుంది’ అన్నాడు షాపతను. మీ ఇల్లెక్కడ, మీ గాలిలో ఏముంది, బొగ్గా, పొగా, వాసనా అని ఒక్క మాట అడగలేదు. అడగాలని మాకూ తెలియలేదు.

ఆ 400 లెక్క ఏంటో తర్వాత నేనే కూర్చుని వేసుకున్నా, మీరూ వేసుకోండి. పెట్టె మీద సీఏడీఆర్ అని ఒక అంకె ఉంటుంది, మెషీన్ గంటకి ఎన్ని ఘనమీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది అదే. మాది 150. పదడుగుల ఎత్తున్న 400 చదరపు అడుగుల హాలులో గాలి దాదాపు 113 ఘనమీటర్లు, అంటే గంటకి దాదాపు 1.3 సార్లు మాత్రమే ఆ గాలి ఫిల్టర్ గుండా వెళ్తుంది. ఆస్తమా ఉన్న మనిషి పడుకునే గదికి గంటకి ఐదుసార్లైనా తిరగాలి. అమ్మ గది 12 బై 12, దానికే 200 పైన కావాలి. అంటే మేం కొన్నది ఆ చిన్న గదికి కూడా చాలదు. పైగా ఆ అంకె కూడా ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉన్నప్పటిది, రాత్రి చప్పుడని తగ్గించి పెడితే ఇంకా పడిపోతుంది.

మూడు నెలలు తిరక్కుండానే గాలి సన్నగా రావడం మొదలైంది. ఫిల్టర్ ఏడాది వస్తుందని పెట్టె మీద ఉంది, మార్చమని చెప్పే లైటు ఇంకా ఆకుపచ్చగానే ఉంది. తీసి చూస్తే పెనం అడుగులా నల్లగా ఉంది. చాలా మెషీన్లలో ఆ లైటు తిరిగిన గంటలు లెక్కపెట్టి వెలిగేదే, ఫిల్టర్ ఎంత నిండిందో దానికి తెలియదు. ఏడాది అనే లెక్క మా వీధి గాలికి వేసింది కాదు. ముందుండే జాలీని వారానికోసారి కడగాలని కూడా మాకెవరూ చెప్పలేదు, బొగ్గు నుసంతా దాన్ని దాటి లోపలికి పోయింది.

ఇక అసలు సంగతి. కంపెనీ ఫిల్టర్ 3,800 రూపాయలు. అదే మోడల్‌కి సరిపోతుందంటూ ఆన్‌లైన్‌లో 1,450కి ఒకటి కనిపించింది, ‘హెచ్13 హెపా, కడిగి మళ్లీ వాడుకోవచ్చు’ అని రాసి. ఆ కడగొచ్చు అన్నచోటే అనుమానం రావాల్సింది. మామూలుగా హెపా అంటే సన్నటి పీచుతో చేసిన కాగితంలాంటిది, తడిస్తే పాడైపోతుంది. హెచ్13 అనేది హెపాలో ఒక గ్రేడు, అంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతాన్ని ఆపాలి. ఇవేవీ నాకప్పుడు తెలియవు, రివ్యూలు బాగున్నాయని తెప్పించేశా.

పెట్టిన రెండో రోజు నుంచే అమ్మకి రాత్రి దగ్గు. గాలిలో ధూళి ఎంతుందో చూపించే మెషీన్ మీద అంకె మాత్రం ఎప్పుడు చూసినా 8, ఆకుపచ్చ. ఆ అంకెని నమ్మి మేం వాతావరణం అనుకున్నాం, మంచు అనుకున్నాం, ఇన్‌హేలర్ ఎక్కువసార్లు పట్టించాం. మూడో వారంలో డాక్టరుగారు ‘ఈమధ్య ఇంట్లో ఏమైనా మార్చారా’ అని అడిగితే అప్పుడు గుర్తొచ్చి, ఇంటికొచ్చి ఫిల్టర్ తీశా. కాగితం ముందువైపు కొంచెమే మురికి. వెనకవైపు, అంటే శుభ్రమైన గాలి బయటికి రావాల్సిన వైపు, ప్లాస్టిక్ గోడ మీద ఫిల్టర్ అంచు పొడుగునా కాటుకతో గీసినట్టు నల్లటి గీత. వేలితో రాస్తే నుసి. పాత ఫిల్టర్ పక్కన పెట్టి చూస్తే అర్థమైంది, దాని అంచు చుట్టూ స్పాంజి పట్టీ ఉంది, కొత్తదానికి లేదు. ఆ సందులో విజిటింగ్ కార్డు సులువుగా దూరుతోంది. గాలి ఎప్పుడూ అడ్డు లేని దారినే వెళ్తుంది కాబట్టి కాగితాన్ని వదిలేసి పక్కనుంచి పోతోంది. కాగితం ఎంత గొప్పదైనా ఇక ఏం లాభం?

మెషీన్ మీద అంకె సంగతి కూడా తెలుసుకోండి. ఆ సెన్సార్ చూసేది ఎక్కువగా పీఎం2.5ని, అంటే 2.5 మైక్రాన్లలోపు సన్నటి ధూళిని, అదీ మెషీన్ పక్కనున్న కాస్త గాలిలో. పెద్ద నుసిని సరిగ్గా లెక్కపెట్టదు, రసాయనాల వాసనలు అసలు పట్టదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో ఊరి ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూసినప్పుడు ఒక్క అంకె చూసి వదిలేయకండి, ఆ రోజు ఏ కాలుష్యం వల్ల ఆ అంకె వచ్చిందో కూడా చూడండి. మన దేశంలో 24 గంటల పరిమితి ఘనమీటరు గాలికి పీఎం2.5 అయితే 60 మైక్రోగ్రాములు, పీఎం10 (పది మైక్రాన్లలోపు ధూళి) అయితే 100. మాలాగా నుసి ఎక్కువున్నచోట పెద్ద కణాలు మెషీన్ దాకా రాకుండానే నేల మీద వాలిపోతాయి, వాటికి తడిగుడ్డే మందు, పొడి చీపురు పట్టారంటే మళ్లీ గాల్లోకి లేపినట్టే. మెషీన్ సన్నటి ధూళికి.

మా చెల్లి హైదరాబాద్ దగ్గర, ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరులో ఉంటుంది, దానిది ఇంకో బాధ. రాత్రయితే ఘాటు వాసన. దానికీ ఇలాగే హెపా అని చెప్పి అంటగట్టారు. వాసనని, గ్యాసుని హెపా ఆపదు, యాక్టివేటెడ్ కార్బన్ (వాసనల్ని పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు) కావాలి, అదీ వందల గ్రాములు తూగేంత గుళికలు ఉండాలి. దానికిచ్చిందేమో నల్ల పొడి అద్దిన పల్చటి స్పాంజి, కొన్నాళ్లకే నిండిపోయి అదే వాసన కొట్టడం మొదలుపెట్టింది. ‘ఏడు పొరలు’ అని ఎవరైనా చెబితే అందులో కార్బన్ ఎంత బరువని అడగండి, చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. అయొనైజర్ (గాలిలోకి అయాన్లు వదిలేది) బటన్ ఉంటే ఆయాసం ఉన్నవాళ్ల గదిలో ఆపి ఉంచండి, కొన్నిటి నుంచి ఓజోన్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే ‘రిటర్న్ గడువు 7 రోజులే, అయిపోయింది’ అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా, ఇంకా జవాబు రాలేదు. ఫొటోలు, బిల్లు, ఆ పేజీ స్క్రీన్‌షాట్లు దాచి ఉంచా. ఈలోగా కంపెనీ ఫిల్టర్ కొనేశాం, మెషీన్‌ని హాల్లోంచి తీసి అమ్మ మంచం దగ్గర పెట్టి, తలుపు వేసి వాడుతున్నాం. జాలీని ప్రతి ఆదివారం కడుగుతున్నా. గదికి చాలదని తెలుసు, పెద్దది కొనడానికి ఇంకొంచెం టైం పడుతుంది. అయినా ఈ వారం నాలుగు రాత్రులు అమ్మ పడుకుంది.

మీరు ఈమధ్య ఇలాంటి ఫిల్టర్ కొని ఉంటే ఇవాళే మెషీన్ ప్లగ్ తీసి, ఫిల్టర్ బయటికి లాగి, వెనకవైపు అంచు మీద వేలు పెట్టి చూడండి. నల్లగా అంటుకుందంటే, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.