ఘాట్ మీద పుల్లింగ్ పోయే డీజిల్ పికప్‌కి చవక ఓబీడీ రీడరు, చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

ఓబీడీ రీడరు అంటే బండి కంప్యూటర్లోని ఇంజన్ అంకెలూ, అది రాసుకున్న ఫాల్ట్ కోడ్లూ చదివి ఫోన్లో చూపించే చిన్న సామాను. ముందే చెప్పేస్తాను, ఇది గుచ్చగానే ఏ పార్ట్ మార్చాలో చెప్పేస్తాది అనుకుని కొనేవాళ్ళు కొనకండి, డబ్బులు దండగ. బండి లోడు లాగుతున్నప్పుడు ఇంజన్ లోపల ఏం జరుగుతోందో అంకెల్లో చూడ్డానికైతే మాత్రం మనలాంటి చిన్న బండ్ల వాళ్ళకి ఇంత చవకలో ఇంత పనికొచ్చే సామాను ఇంకోటి నాకు కనబడలేదు. నేను వాడేది బ్లూటూత్ రీడరు, పైన ఈఎల్ఎం 327 అని రాసుంటాది, అది లోపలి చిప్పు పేరు, ఒరిజినల్ కాదని కొన్నప్పుడే తెలుసు, ఆ రేటుకి ఒరిజినల్ ఎవడిస్తాడు. స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో గుచ్చి ఫోన్లో ఒక ఆప్ వేసుకుంటే చాలు, నెట్ అక్కర్లేదు, మా సుంకి ఘాట్‌లో సిగ్నల్ ఎలాగూ నమ్మడానికి లేదు కాబట్టి అది పెద్ద లాభమే.

మాది ఒడిశా కొరాపుట్ జిల్లాలో సెమిలిగుడ, టెంటు లైటింగు పని. పికప్ వెనకాల జనరేటర్ ట్రాలీ తగిలించుకుని సునాబెడ, కొరాపుట్, జయపురం తిరుగుతాం, ముహూర్తాలు ఉంటే కిందకి సాలూరు కూడా దిగుతాం. దిగడం బాగానే ఉంటాది, తెల్లారి తిరిగి ఎక్కేటప్పుడే అసలు పరీక్ష. కింద సాలూరు మైదానం, పైన మా ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తు, మధ్యలో 26వ నంబర్ హైవే, పాతవాళ్ళు ఇంకా 43 అనే అంటారు, సుంకి దగ్గర మలుపులూ చఢావూ తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు. ట్రాలీ టన్ను పైనే ఉంటాది, బాడీలో కేబుళ్ళూ బాక్సులూ అదనం. బండి 2.5 లీటర్ల కామన్ రైల్ టర్బో డీజిల్, బీఎస్-4 అంటే పాత పొగ రూల్స్ కాలంది. కంపెనీ పేరు చెప్పను, ఈ రోగం ఏ కంపెనీ బండికైనా రావచ్చు.

రోగం ఏంటంటే, ఖాళీగా తిప్పితే ఏ వంకా లేదు, ట్రాలీ తగిలించినా లెవెల్ రోడ్డు మీద పర్లేదు, ఘాట్ మొదలయ్యాక కూడా కొంత దూరం బాగానే లాగుతాది, ఆ తర్వాత మూడో గేర్లో ఆక్సిలేటర్ అడుగుదాకా తొక్కినా బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు నీరసపడిపోయి రెండులోకి, చివరికి ఒకటిలోకి వచ్చేస్తాది. పక్కన ఆపి ఒక పావుగంట కూర్చుని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లాగుతాది, మళ్ళీ కొంత దూరం పోయాక అదే కథ. పొగ లేదు, చెక్ లైటు లేదు, శబ్దం లేదు. ఇలాంటి రోగాన్ని షెడ్డుకి తీసుకెళ్తే ఏమవుతాదో మీకు తెలుసు, అక్కడ బండి బ్రహ్మాండంగా ఉంటాది.

మా ఊరి మిస్త్రీ టర్బో పోయింది భాయినా అన్నాడు, టర్బో అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి తోసేది. సాలూరు అంటే లారీల ఊరు, అక్కడ షెడ్డుకో అభిప్రాయం, ఒకాయన ఇంజెక్టర్లు అన్నాడు, ఇంకో పెద్దాయన "ఆపితే సర్దుకుంటోంది అంటున్నావు కదా బాబూ, హీటెక్కుతోంది, రేడియేటర్ కడిగించు" అన్నాడు. వాళ్ళని తప్పు పట్టను, ఆ లక్షణం చూస్తే నిజంగా హీటు లాగే ఉంటాది. కానీ టర్బో మార్చడమంటే ఒక సీజన్ సంపాదనలో పెద్ద ముక్క ఎగిరిపోతాది, ఊహ మీద అంత పెట్టలేక ఈ రీడరు తెప్పించాను.

కోడ్ చదివితే ఏమీ లేదు, పైగా షెడ్డులో బ్యాటరీ వైరు పీకి పెట్టారు కాబట్టి ఉన్నా పోయుంటాది. ఇక్కడే చాలామంది రీడరు డబ్బాలో పడేస్తారు. లైవ్ డేటాలో నాలుగే నాలుగు పెట్టుకోండి, ఆర్పీఎం, మ్యాప్ ప్రెషర్, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, కూలెంట్ టెంపరేచర్. నాలుగే ఎందుకంటే ఈ చవక రీడర్లు స్లో, పదిహేను అంకెలు ఒకేసారి అడిగితే ఒక్కోటి ఎప్పటికో మారుతాది, అసలు పడిపోయే క్షణం మిస్ అయిపోతాం. నడిపేవాడు ఫోన్ చూడకూడదు, ఘాట్‌లో అసలే కూడదు, ఆప్‌లో రికార్డింగ్ పెట్టేసి ఇంటికొచ్చి గ్రాఫ్ చూసుకోవచ్చు, లేదంటే పక్కన కుర్రాణ్ణి కూర్చోబెట్టండి, నేను మా బామ్మర్దిని కూర్చోబెట్టి అంకెలు చదివించాను, వాడు క్రికెట్ కామెంట్రీ మొదలెట్టాడు అది వేరే సంగతి.

మ్యాప్ అంటే ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి, కిలోపాస్కల్స్‌లో చూపిస్తాది, బయటి గాలి కూడా కలిపిన లెక్క. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడే కనబడాలి. సాలూరులో 99, 100 దగ్గర చూపించింది, మా ఊర్లో 91 దగ్గర. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పల్చనవుతాది కదా, ఆ తేడా సరిగ్గా వచ్చిందంటే సెన్సర్ నిజమే చెప్తోందని ఒక నమ్మకం, దీనికి పైసా ఖర్చు లేదు. ఇక లోడు మీద ఫుల్ ఆక్సిలేటర్ తొక్కితే నా బండికి 200 దాటి చూపిస్తాది. అంటే టర్బో దాదాపు ఇంకో వాతావరణమంత గాలి అదనంగా తోస్తోంది. ఆ అంకె ఎక్కిందీ అంటే టర్బో బతికే ఉంది, టర్బో నుంచి ఇంజన్ దాకా పైపులూ, మధ్యలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరూ బాగానే ఉన్నాయి. రైల్ ప్రెషర్ అంటే ఇంజెక్టర్లకి డీజిల్ అందించే పైపులో ఒత్తిడి, ఐడిల్‌లో, అంటే ఆక్సిలేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, 250, 300 బార్ ప్రాంతంలో ఉంటాది, గట్టిగా తొక్కితే వెయ్యి దాటి పైకి పోవాలి. కొన్ని ఆప్‌లు కిలోపాస్కల్స్‌లో చూపిస్తాయి, 1,30,000 అని కనబడితే కంగారు పడకండి, వందతో భాగిస్తే 1300 బార్.

ఆ ఘాట్‌లో ఏం కనబడిందంటే కూలెంట్ 90 దాటి కొంచెం అటూ ఇటూ, ఎక్కడా వంద ముట్టలేదు. అంటే హీటు కాదు. మ్యాప్ మొదట్లో 200 పైనే, అంటే టర్బో కాదు. రైల్ ప్రెషర్ మాత్రం మొదట 1300 పైన నిలబడింది, చఢావు మీద తొక్కుతూ పోయే కొద్దీ 1200, 1050, 900, ఆక్సిలేటర్ అలాగే ఉంది, అది దిగిపోతోంది, పుల్లింగ్ పోయింది, దాని వెనకాలే మ్యాప్ కూడా దిగింది. ఈ వరస ముఖ్యం. డీజిల్ తగ్గితే మంట తగ్గుతాది, ఎగ్జాస్ట్ తగ్గుతాది, టర్బో నెమ్మదిస్తాది, అప్పుడు మ్యాప్ పడిపోతాది. చివర్లో అంకె మాత్రమే చూసినవాడు టర్బోనే అంటాడు, ఏది ముందు పడిందో చూసినవాడికి అసలు దొంగ దొరుకుతాడు. ఆ రోజు పైకి వచ్చాక కోడ్ చదివితే పెండింగ్‌లో పీ0087 ఉంది, రైల్ ప్రెషర్ తక్కువ అని దాని అర్థం. లైటు వెలగలేదు గానీ లోపల కోడ్ రాసుకుంది.

పీ0087 అనగానే హై ప్రెషర్ పంపు మార్చాలి అనేవాళ్ళు ఉంటారు, తొందరపడొద్దు. ఆ పంపుకి డీజిల్ సరిగ్గా అందకపోయినా అదే కోడ్ వస్తాది. నేను ఆ గ్రాఫ్ పట్టుకుని సాలూరులో పంపు పని చేసే మేస్త్రీ దగ్గరికి పోతే ఆయన ఫోన్ చూసి పెద్దగా ఏమీ అనలేదు, పది లీటర్ల డబ్బా తెమ్మన్నాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసి డబ్బాలో మంచి డీజిల్ పోసి అందులో పెట్టాడు, రిటర్న్ పైపు కూడా దాంట్లోకే పెట్టాడు, లేకపోతే డబ్బా మధ్యలోనే ఖాళీ అయిపోతాది. డబ్బా కదలకుండా కట్టి ట్రాలీతో సహా ఘాట్ ఎక్కిస్తే రైల్ ప్రెషర్ పైదాకా నిలబడింది. ఫిల్టరు అదే, పంపు అదే, ఇంజెక్టర్లు అవే. అంటే తేడా ట్యాంకులోనే.

ట్యాంకు దింపితే లోపల పైపు చివర జాలీకి గోధుమరంగు జిగురు పట్టేసుంది. మా దగ్గర వానాకాలం, చలికాలం మంచు సంగతి తెలిసిందే, సగం ట్యాంకుతో బండి నిలబెడితే లోపల చెమ్మ పట్టి నీళ్ళు అడుగుకి చేరతాయి, ఆ నీళ్ళకీ డీజిల్‌కీ మధ్యలో సూక్ష్మజీవులు పెరిగి ఆ పాకుడు తయారవుతాది. గట్టిగా లాగినప్పుడు ఆ చెత్త జాలీకి అతుక్కుంటాది, బండి ఆపితే పీల్చడం ఆగి జారి కిందపడిపోతాది. పావుగంట ఆపితే బాగయ్యేది అందుకన్నమాట, చల్లబడి కాదు. ట్యాంకు కడిగి జాలీ మార్చి కొత్త డీజిల్ ఫిల్టర్ వేశాక మళ్ళీ రాలేదు. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటాది, దాన్ని ఇప్పుడు తరచూ తిప్పి చూస్తాను. ట్యాంకు మూతలో గాలిరంధ్రం మూసుకుపోయినా అచ్చం ఇలాంటి లక్షణమే వస్తాది, మూత తిప్పగానే బుస్సుమని గాలి పీల్చిందంటే ముందు అదే చూసుకోండి, ఖర్చు లేని పని.

ఇక్కడ ఈ రీడరుకి ఉన్న పెద్ద లోటు చెప్పాలి. రైల్ ప్రెషర్ ఎంత ఉందో చెప్తాది, కంప్యూటర్ ఎంత కావాలని అడుగుతోందో నా బండికి చూపించదు. షోరూం స్కానర్లో రెండూ పక్కపక్కన ఉంటాయి, తేడా చూడగానే తెలిసిపోతాది. మన దగ్గర ఆ రెండోది లేదు కాబట్టి దానికి బదులు బండి బాగున్నప్పుడు తీసిన రికార్డు కావాలి. అదే ఘాట్, అదే ట్రాలీ, అదే గేరు, ఫుల్ ఆక్సిలేటర్. నేను ట్యాంకు కడిగించిన వెంటనే ఒకటి తీసి పెట్టుకున్నా, ఈ రీడరుతో చేసిన అన్ని పనుల్లో ఎక్కువ పనికొచ్చింది అదే. ఎందుకంటే తర్వాత వానాకాలంలో మళ్ళీ పుల్లింగ్ తగ్గింది, ఈసారి నల్ల పొగ కూడా వచ్చింది. పాత రికార్డు పక్కన పెట్టి చూస్తే రైల్ ప్రెషర్ బాగానే ఎక్కుతోంది, మ్యాప్ మాత్రం మొదటినుంచే 150 దాటట్లేదు. అంటే డీజిల్ ఉంది, గాలి లేదు. బానెట్ ఎత్తి ఇంటర్‌కూలర్ హోస్ పైపు అడుగున చెయ్యి పెడితే నూనె తడి, విప్పితే క్లిప్పు దగ్గర చీలిక, ఐడిల్‌లో మూసుకునే ఉంటాది, ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తాది. ఈసారి ఏ షెడ్డుకీ పోలేదు, హోస్ తెచ్చి వేసుకున్నాం అంతే.

పొగ గురించి ఒక మాట, నల్ల పొగతో పుల్లింగ్ పోతే గాలి వైపు, పొగ లేకుండా పోతే డీజిల్ వైపు ముందు చూడమని పాత డ్రైవర్లు అంటారు, నా రెండు కేసుల్లోనూ అది నిజమైంది. కొత్త బండ్లకి అంత గ్యారంటీ లేదు, గాలి తక్కువైతే కంప్యూటరే డీజిల్ తగ్గించేస్తాది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకి ఎగ్జాస్ట్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ కూడా ఉంటాది, అది మసితో మూసుకుపోయినా పుల్లింగ్ పోతాది, పొగ మాత్రం బయటికి కనబడదు.

అంకెలన్నీ బాగున్నా బండి లాగట్లేదంటే ఇంజన్ని వదిలేసి వెనక్కి పోండి. ఆర్పీఎం ఎగిరిపోతూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ట్రాలీ చక్రాల హబ్‌లు ఆపగానే చేత్తో దగ్గరగా చూడండి, ఒకటి మాత్రం మాడిపోతుంటే బేరింగో బ్రేకో పట్టేసింది. ఈ రెండోది రీడరు జన్మలో చెప్పదు.

ఇంక చిరాకులు. పోర్టు లూజుగా ఉంటే గతుకుల్లో బ్లూటూత్ తెగిపోతాది, నేను దారం కట్టాను. రాత్రి పీకెయ్యాలి, ఆ పోర్టుకి కీ తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటాది, వారం నిలబెట్టే బండిలో వదిలేస్తే సెల్ఫ్ కొట్టదు. మామూలు బ్లూటూత్‌ది ఆండ్రాయిడ్‌కే పనిచేస్తాది, ఐఫోన్ ఉంటే బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) రకమో వైఫై రకమో చూసి కొనాలి. 1.5 వర్షన్ కొత్తది, బాగుంటాది అని అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు, ఈఎల్ఎం చిప్పు చేసిన అసలు కంపెనీ ఆ నంబరుతో ఏదీ తేలేదు. డీపీఎఫ్ క్లీనింగ్, ఇంజెక్టర్ కోడింగ్ లాంటివి దీంతో అవ్వవు, షోరూంకి పోవాల్సిందే. కొన్ని పాత బండ్లు రైల్ ప్రెషరే చూపించవు, కాబట్టి డబ్బులు పెట్టేముందు తెలిసినోళ్ళ రీడరు ఒకటి తెచ్చి మీ బండికి గుచ్చి చూడండి, మ్యాప్, రైల్ ప్రెషర్ రెండూ వస్తే తీసుకోండి, ఏదో ఒకటే వస్తే బేరం బాగా తగ్గితేనే.