ఓరుగల్లు ఎండలకు ఆగిన సామాను

యూట్యూబ్‌లో సమీక్షలు చేసేవాళ్లలో చాలామంది వస్తువును వారం రోజులు వాడి, ఏసీ గదిలో కూర్చుని తీర్పు చెప్పేస్తారు. మా హనుమకొండలో ఏ ఫోన్‌కైనా, ఏ కారుకైనా అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలవుతుంది. పగలు 43, 44 డిగ్రీలు. రాత్రి పదింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. ఇట్లాంటి ఎండాకాలాలు కొన్ని గడిచాక నా దగ్గర మంచిగా పనిచేస్తున్నవేవో, విసిగించినవేవో రాస్తున్నాను. ఎక్కువ భాగం కారు గురించే ఉంటుంది. ఎక్కువ డబ్బు పోసింది దానికే, తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగేదీ దాని గురించే.

మాది చిన్న ఎలక్ట్రిక్ కారు. ఎవరు చూసినా మొదట అడిగేది "ఫుల్ చార్జికి ఎంత దూరం పోతది?" అని. రెండోది "బ్యాటరీ పోతే ఎంతయితది?" అని. నన్నడిగితే ఆ రెండింటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: మీ ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉందా?

కారుతో ఇచ్చే చార్జర్ డబ్బా కరెంటు వదిలే ముందు ఎర్త్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరు, ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంటుంది. ఫ్రిజ్, టీవీ, మిక్సీ ఎర్త్ లేకున్నా నడిచిపోతాయి కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ దాని సంగతి పట్టించుకోరు. మా ఇంటికి ఎర్త్ గుంత ఉంది. కట్టినప్పుడే జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోశారు. చలికాలమంతా చార్జింగ్ చక్కగా నడిచింది. మే నెల వచ్చేసరికి చార్జర్ మొండికేసింది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే డబ్బా పాడైందేమో, తీసుకురండి అన్నారు.

దానికంటే ముందు మా ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన హోల్డర్‌కు వంద వాట్ల పాత బల్బు పెట్టి, ఒక వైరు ఫేజ్‌లో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టి చూశాడు. బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనబడింది, వెలుగు లేదు. "సార్, డబ్బాకేం కాలే. గుంత ఎండింది. రెండు బకెట్ల నీళ్లు పొయ్యిండ్రి" అన్నాడు. పోసి కాసేపు ఆగి మళ్లీ పెడితే అదే బల్బు వరండా అంతా వెలిగింది. చార్జర్‌లో పచ్చ లైటు వచ్చింది. మట్టిలో తడి ఉంటేనే ఎర్త్ పనిచేస్తుంది. మా ఎండకు తడి ఎక్కడ నిలుస్తుంది? ఆ తర్వాత రాగి పూత ఉన్న రాడ్ దింపి, చుట్టూ తడిని పట్టి ఉంచే పొడి పోసే కెమికల్ ఎర్తింగ్ చేయించాను. ఇప్పటికీ ఎండాకాలంలో వారానికోసారి అక్కడ ఒక బకెట్ నీళ్లు పోస్తాం. బల్బు పరీక్ష మాత్రం తెలిసినవాళ్లే చేయాలి, మీరు వైర్లు పట్టుకోకండి.

సాకెట్ విషయంలోనూ లోభం పనికిరాదు. గీజర్‌కు అప్పుడప్పుడు గంటసేపు వాడే 15 ఆంపియర్ల సాకెట్ వేరు, రాత్రంతా ఆగకుండా పూర్తి లోడు మోసే సాకెట్ వేరు. మీటరు దగ్గర్నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు విడిగా లాగించి, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) పెట్టించండి. మామూలు సాకెట్ బదులు ఇండస్ట్రియల్ సాకెట్ అయితే ఇంకా నయం. చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గును చేత్తో ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, కాలుతుంటే వెంటనే ఆపేసి సాకెట్ మార్పించాలి.

ఖర్చు సంగతి. ఇంటి మీటరు మీదే చార్జి చేస్తే స్లాబు మారుతుంది. మన రాష్ట్రంలో నెలకు 300 యూనిట్లు దాటాక యూనిట్‌కు 9 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన చూసినా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. లీటరు వంద దాటిన పెట్రోల్‌తో పదహారు, పదిహేడు ఇచ్చే చిన్న కారుకు ఆరు రూపాయలు ఎక్కడికీ పోవు. దీనికి తోడు 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. రోజూ తిరిగేవాళ్లకు ఈ లెక్క బాగా కలిసివస్తుంది. ఎప్పుడో ఒకసారి వేములవాడకో, సమ్మక్క జాతరకో తీసే కారైతే మాత్రం తొందరపడకండి.

దూరం గురించి కంపెనీ చెప్పే అంకెను పక్కన పెట్టండి. హనుమకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. జనగామ, భువనగిరి మీదుగా రోడ్డు నాలుగు లైన్లది, కాలు తెలియకుండానే నొక్కుతుంది. 80లో పోతే మిగిలే చార్జికీ, 100లో పోతే మిగిలే చార్జికీ చాలా తేడా. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగింతలవుతుంది, బ్యాటరీ ఎక్కువగా పోయేది అక్కడే. ఏసీ వల్ల దూరం తగ్గుతుందన్న మాట హైవే మీద పెద్దగా కనబడదు. ఊళ్లోనే కనబడుతుంది. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే కారు కదలకున్నా ఏసీ నడుస్తూనే ఉంటుంది కదా. అందుకే మే నెలలో ఊళ్లో తిరిగినప్పుడు వచ్చే దూరం జనవరిలో వచ్చేంత ఉండదు. దాన్ని చూసి బ్యాటరీ దెబ్బతిన్నదని కంగారు పడాల్సిన పని లేదు.

మధ్యాహ్నం హైవే మీద నడిపి వెంటనే ఫాస్ట్ చార్జర్ పెడితే చార్జింగ్ వేగం పడిపోవడం నేను చాలాసార్లు గమనించాను. బ్యాటరీ వేడెక్కి ఉంటే దాన్ని కాపాడుకోవడానికి కారే కరెంటు తక్కువ తీసుకుంటుంది. పొద్దున ఏడింటికి అదే చార్జర్ దగ్గర పని తొందరగా అయిపోతుంది. ఇంటి దగ్గర కూడా రాగానే ప్లగ్గు పెట్టను. పన్నెండు దాటాక మొదలయ్యేట్టు టైమర్ పెడతాను. అప్పటికి కారు చల్లబడుతుంది, వీధిలో ఏసీల లోడు తగ్గి వోల్టేజీ నిలకడగా ఉంటుంది.

వాట్సాప్‌లో ఒకరు చార్జి 80 శాతం దాటించొద్దంటారు, ఇంకొకరు వారానికోసారి వంద శాతం చేయాలంటారు. రెండూ నిజమే, వేర్వేరు బ్యాటరీలకు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో చార్జి సగం ఉన్నా, ముప్పావు ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి అప్పుడప్పుడు నిండా చార్జి చేస్తే తప్ప మీటరుకు లెక్క సరిగ్గా అందదు. నికెల్ ఉండే ఎన్‌ఎంసీ రకాన్ని వంద దగ్గర పెట్టి ఎండలో నిలిపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. మీ కారుది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకుని దాని ప్రకారం నడవండి. ఇంకో చిన్న సంగతి: బ్యాటరీ వందకు వంద నిండి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలితే కారు ఎప్పటిలా తనంతట తాను ఆగదు, అలా ఆపేటప్పుడు మోటారు నుంచి తిరిగి వచ్చే కరెంటును దాచుకోవడానికి చోటు ఉండదు. ఇంట్లో ఇంకెవరైనా నడిపేవాళ్లుంటే ఈ ముక్క ముందే చెప్పిపెట్టండి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది పెద్ద బ్యాటరీ కాదు. ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపుల లాకులు, స్క్రీను, లోపలి కంప్యూటర్లు దానిమీదే లేస్తాయి. ఒక జూన్ పొద్దున పెద్ద బ్యాటరీలో ముప్పావు వంతు చార్జి ఉండగానే కారు అసలు ఉలకలేదు, పలకలేదు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయే రోజు అది. ఆటోలో వెళ్లాల్సి వచ్చింది. ఇంజిన్ కారైతే సెల్ఫ్ కొట్టేటప్పుడు నీరసం వినబడుతుంది, కొన్ని రోజుల ముందే తెలిసిపోతుంది. ఇందులో ఆ సూచన ఉండదు. ఇప్పుడు నెలకోసారి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తున్నాను. రాత్రంతా నిలిపాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2కు దిగితే సగమే ఉన్నట్టు. కారును చార్జింగ్‌లో పెట్టాక కూడా మర్నాటికి మళ్లీ అక్కడికే దిగుతుంటే మార్చే రోజు దగ్గరపడినట్టే. మల్టీమీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ప్రతి ఇంట్లో ఉండాల్సిన పనిముట్టు.

ఏసీకి తిప్పే గుండీలు ఉన్నాయని కూడా ఈ కారు కొన్నాను, ఆ విషయంలో నాకు పూర్తి సంతృప్తి. ఎండలో నిలిపిన కారులో ఎక్కి, చెమట చేతులతో స్క్రీను మీద ఫ్యాన్ బొమ్మ కోసం వెతుక్కోవడం నరకం. యూరప్‌లో కార్లకు భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్, హజార్డ్ లైట్ల వంటివాటికి విడిగా మీటలు ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తుంది. ఏసీని కూడా ఆ జాబితాలో చేర్చితే ఎంత బాగుండు.

చార్జింగ్ యాప్‌ల మీద మాత్రం నాకు కోపం ఉంది. ఫాస్ట్ చార్జర్ల ప్లగ్గు దాదాపు అంతటా ఒక్కటే, సీసీఎస్2 అనే రకం. యాప్‌లే కంపెనీకొకటి, వాలెట్లు కంపెనీకొకటి. ఒక్కోదాంట్లో నూరో, రెండు నూర్లో ఇరుక్కుని ఉంటాయి. యాప్‌లో ఖాళీ అని చూపిస్తుంది, తీరా పోతే మిషన్ చచ్చి ఉంటుంది. కొబ్బరిబోండాల బండి మీద కూడా యూపీఐ స్కాన్ చేసి డబ్బులిస్తున్నాం, చార్జర్ దగ్గర అదెందుకు కుదరదు? అందుకే ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పోయేటప్పుడు దారిలో చార్జర్ మీద ఆశ పెట్టుకోను. రానూపోనూ సరిపోయేంత ఉంటేనే కారు తీస్తాను.

ఆ అడవి దారిలో సిగ్నల్ కూడా చాలా చోట్ల ఉండదు. ఫోన్‌లో ములుగు, భూపాలపల్లి జిల్లాల మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను. గూగుల్ మ్యాప్స్‌తో పాటు జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ కూడా ఉంది. ఇది నెట్ లేకుండా పనిచేయడానికే తయారైంది, ప్రకటనలు ఉండవు.

ఇక ఫోన్. యాపిల్ తన ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని చెబుతుంది. మాకు మే నెలలో పొద్దున పదింటికే 35 దాటిపోతుంది! ఆండ్రాయిడ్ ఫోన్ల పరిస్థితీ ఇంతే. డ్యాష్‌బోర్డు మీద, అద్దానికి ఆనించి పెట్టిన ఫోన్‌లో మ్యాపు నడుస్తూ, చార్జింగ్ ఎక్కుతుంటే ఇంకో అరగంటకు స్క్రీను మసకబారుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. హోల్డర్‌ను ఏసీ గాలి వచ్చే చోటికి మార్చాక నాకు ఆ బాధ తప్పింది. మందపాటి కవరు తీసేస్తే ఇంకా మంచిది. ఆగి ఉన్న కారులో ఫోన్ వదిలి దర్శనానికి పోవద్దు.

ఇంట్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ సుఖం ఇచ్చింది బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేవి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇవి 30 దగ్గర తిరుగుతాయి. పాత ఫ్యాన్ ఒక్కటి తినే కరెంటుతో ఇవి రెండు నడుస్తాయి. బిల్లులో కన్నా ఆ తేడా కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ మీద తెలుస్తుంది. రాత్రి వోల్టేజీ పడిపోయినా వీటి వేగం తగ్గదు. గోడ మీది రెగ్యులేటర్‌ను మాత్రం తీసేయించాలి, దానితో తిప్పితే ఫ్యాన్ లోపలి బోర్డు పాడవుతుంది. లోపం కూడా ఆ బోర్డులోనే ఉంది. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివర మెకానిక్ 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ మార్చి పది నిమిషాల్లో తిప్పి చూపిస్తాడు. బీఎల్‌డీసీ బోర్డు పోతే కంపెనీ మనిషి కోసం ఎదురుచూడాలి, మాకు ఒకసారి ఆ నిరీక్షణ నడివేసవిలో వచ్చింది. వారంటీ ఏళ్లు ఎక్కువున్నది చూసి కొనండి. ఒక గదిలోనైనా పాత ఫ్యాన్ ఉంచుకోండి.

ఇన్వర్టర్ గురించి ఒక్క మాటే. సైన్ వేవ్ రకమే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్లు రాత్రంతా రొద పెడతాయి. ఎండాకాలంలో బ్యాటరీ నీళ్లు నెలకోసారి చూసుకుని డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు పోస్తే దాని కథ ముగిసినట్టే.

చివరగా నా పాత ల్యాప్‌టాప్. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. విండోస్ 11 దీనికి ఎక్కదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఇందులో లేదు. షాపులో కొత్తది కొనమన్నారు. హార్డ్‌డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, ఫ్యాన్ దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్ మార్పించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టాను. ఇప్పుడు నిమిషం లోపే లేస్తుంది. లిబ్రేఆఫీస్‌లో లెక్కలు, ఉత్తరాలు అన్నీ జరుగుతున్నాయి. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే మీటల మీద నేరుగా తెలుగు అక్షరాలే ఉండే కీబోర్డు పద్ధతిలో నేర్చుకున్నాను. మొదట్లో కష్టంగా అనిపించినా, చేతికి వచ్చాక ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు చేసుకునే పద్ధతికి తిరిగి పోబుద్ధి కాలేదు.

తెలుగుతో చిక్కల్లా డీటీపీ సెంటర్ దగ్గరే. అక్కడ ఇంకా యూనికోడ్‌తో పొసగని పాత అను ఫాంట్లే నడుస్తున్నాయి. మనం యూనికోడ్‌లో (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) పంపిన మ్యాటర్ వాళ్లు మళ్లీ కొడతారు, కొత్త తప్పులు దొర్లుతాయి. ఈమధ్య బంధువుల ఇంటి పెళ్లిపత్రికకు నేనే రామభద్ర, మల్లన్న ఫాంట్లతో పేజీ తయారుచేసి పీడీఎఫ్ ఇచ్చాను. ఆ ఫాంట్లు ఉచితం. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉండిపోతుంది కాబట్టి వాళ్ల దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా అక్షరం చెదరలేదు.

ఎస్‌ఎస్‌డీ వేయించుకునేవాళ్లు పాత హార్డ్‌డిస్క్‌ను షాపులో వదిలేయకండి. అందులో మీ ఫోటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో బిగిస్తే అదే బ్యాకప్ డిస్క్‌గా పనికొస్తుంది.