క్యోటోలో అన్నం ఆఖరికి వస్తుంది

జపాన్‌లోని క్యోటో వెళ్తున్నామని, ఒక్కో వంటకంగా వరసగా వడ్డించే అక్కడి సంప్రదాయ విందు కైసెకి ఎక్కడ తింటే బాగుంటుందని అడిగేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది హోటల్ పేరు కాదు, పూట. మధ్యాహ్నం వెళ్ళండి. పేరున్న చోట్ల రాత్రి భోజనం మనిషికి 20,000 యెన్లకు తక్కువ ఉండదు, 40,000 దాటేవీ ఉన్నాయి. యెన్ అంటే మనకు అర్ధ రూపాయి పైచిలుకు. దాని మీద 10 శాతం పన్ను, చాలాచోట్ల మరో 10 నుంచి 15 శాతం సేవా రుసుము. అదే వంటగదిలో, అదే వంటవాళ్ళు మధ్యాహ్నం రెండు మూడు వంటకాలు తగ్గించి సగానికో, అంతకన్నా తక్కువకో పెడతారు. టిప్పు ఇచ్చే అలవాటు ఆ దేశంలో లేదు. బల్ల మీద డబ్బు వదిలి వస్తే మరిచిపోయారనుకుని వెనక పరుగెత్తుకొస్తారు.

మేము ముగ్గురం వెళ్ళాం. మావారు ఏది పెట్టినా తింటారు, గొడ్డుమాంసం తప్ప. నేనూ అంతే. అత్తయ్య మాత్రం శుద్ధ శాకాహారి. అందుకని కైసెకికి మేమిద్దరమే వెళ్ళాం. ఆ మధ్యాహ్నం ఆవిడ గదిలోనే ఉండి, దుకాణాల్లో దొరికే వేడిచేసుకునే అన్నంలో ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి కలుపుకుని తిన్నారు. ఆ రోజు ఎవరు సుఖంగా తిన్నారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని విషయం.

గియోన్ అనే పాత పేట దగ్గర ఒక సందులో ఉంది మేము వెళ్ళిన చోటు. పేరు చెప్పను. ఎనిమిది మంది కూర్చుంటే నిండిపోతుంది, ప్రచారం వాళ్ళకు అక్కర్లేదు. ఇలాంటివి చాలావరకు ముక్కూ మొహం తెలియని విదేశీయులకు ఫోనులో బుకింగ్ ఇవ్వవు. మనం దిగిన హోటల్ వాళ్ళ చేత అడిగించుకోవాలి. తిననివి ఏమిటో అప్పుడే చెప్పాలి. చివరి నిమిషంలో రద్దు చేస్తే మొత్తం సొమ్మూ వసూలు చేస్తారు. సెంటు పూసుకుని వెళ్ళకూడదు. మొదట ఇది అతిగా అనిపించింది కానీ, పులుసు గిన్నె మూత తీసిన క్షణంలో ఎందుకో తెలిసింది.

నవంబరు కాబట్టి పళ్ళెమంతా శరదృతువే. హస్సున్ అనే వంటకం సుమారు తొమ్మిదిన్నర అంగుళాల చదరపు పళ్ళెంలో వస్తుంది. సూదుల్లాంటి పైన్ చెట్టు ఆకులకు గుచ్చిన గింకో గింజలు, చెస్ట్‌నట్, ఒక చిన్న మాకెరెల్ చేప సుషి. క్యోటోకు సముద్రం లేదు. ఒకప్పుడు వకాసా తీరంలోని ఒబామా రేవు నుంచి ఉప్పు పట్టించిన మాకెరెల్‌ను కొండదారిలో 70 కిలోమీటర్లకు పైగా మోసుకొచ్చేవారు. నగరం చేరేసరికి ఉప్పు సరిగ్గా పట్టి ఉండేదట. ఆ బాటను ఇప్పటికీ మాకెరెల్ దారి అనే పిలుస్తారు. తాజా సముద్రపు చేప దొరకని ఊరి వంట దేశానికే పెద్ద వంట అయిందంటే, ఆ లోటును వాళ్ళు ఎంత పట్టుదలగా వాడుకున్నారో చూడండి.

తర్వాత వచ్చిన పులుసే ఈ భోజనానికి ఆయువుపట్టు. దాని రసాన్ని దాషి అంటారు. హొక్కైడో దగ్గర రిషిరి దీవి నుంచి వచ్చే కొంబు అనే సముద్రపు నాచును గోరువెచ్చని నీళ్ళలో ఊరనిచ్చి, తీసేసి, ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేపను కాగితంలా చెక్కి వేస్తారు. అలా నిమిషమో రెండు నిమిషాలో ఉంచి వడకట్టేస్తారు. కొందరు వంటవాళ్ళు కొంబును సరిగ్గా 60 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. కొంబుకు ఆ రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని 1908లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త వేరు చేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. చేపలోని ఇనోసినేట్ అనే మరో పదార్థం దానితో కలిస్తే ఆ రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. శాస్త్రం అదీ. మావారు ఒక గుక్క తాగి, నా చెవిలో, “జ్వరమొచ్చి లేచినవాడికిచ్చే పల్చటి చారులా ఉంది, ఉప్పు కూడా మరిచారు” అన్నారు. చివరి గుక్క దాకా ఆ మాట మీదే నిలబడ్డారు. నాకు మాత్రం ఆ గిన్నె ఒక్కటి చాలు. యుజు అనే నిమ్మజాతి పండు తొక్క ముక్క, మెత్తని అమదై చేప, నోట్లోంచి వెళ్ళాక కూడా చాలాసేపు వదలని ఏదో లోతు. పచ్చడి, ఊరగాయలతో పెరిగిన నాలుకకు ఇది పట్టుబడాలంటే రెండు రోజుల ముందు నుంచి కారం మానేయడం మంచిది. మేము ముందు రాత్రి కొరియన్ హోటల్లో తినకుండా ఉండవలసింది.

మావారి మొహం వెలిగింది చామదుంప దగ్గర. ఎబిఇమో అంటారు, రొయ్యలా వంకర తిరిగి, ఒంటి మీద చారలుంటాయి. మన చామదుంప బంధువే, జిగురు తక్కువ, వెన్నలా ఉంది. ఇక అన్నం. “అన్నం ఎప్పుడు పెడతారు?” అని ఆయన మూడుసార్లు అడిగారు. అన్నీ అయ్యాక మట్టికుండలో వండి, ఎదుటే మూత తీసి, ఊరగాయ ముక్కలు, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే ఎర్ర మిసో పులుసుతో ఇచ్చారు. పుట్టగొడుగులు వేసి వండినది. మిగిలినదాన్ని ముద్దలు చేసి పొట్లం కట్టి చేతికిచ్చారు. అత్తయ్యకు ఇద్దామనుకున్నాం. అడిగితే, ఆ అన్నమూ దాషిలో వండిందేనట.

శాకాహారులు గట్టిగా గుర్తుంచుకోవలసింది ఇదే. కైసెకిలో కూరగాయ వంటకం అన్నా అందులో చేప ఉన్నట్టే లెక్క.

సేవ గురించి ఒక్క సంగతి చెబితే చాలు. మావారిది ఎడమచేతివాటం. మూడో వంటకం నుంచి ఆయన గిన్నెలు, చాప్‌స్టిక్‌లు అన్నీ ఎడమచేతికి అందేలా తిప్పి పెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు వంటాయన వీధిలోకొచ్చి, మేము మలుపు తిరిగేదాకా వంగి నిలబడ్డాడు.

దీనికి పూర్తిగా ఎదురు ఒసాకాలో ఒక పెద్ద హోటల్ పై అంతస్తులో తిన్న రాత్రి భోజనం. జపాన్ ఛాయలున్న ఆధునిక టేస్టింగ్ మెనూ అన్నారు. ట్రఫుల్, కేవియర్, బంగారు రేకు, వాటి కింద ఎక్కడో ఒక ముల్లంగి. గొడ్డుమాంసం వద్దని బుక్ చేసేటప్పుడే రాసినా, వాగ్యూ ముక్క తెచ్చి ముందు పెట్టారు. వెనక్కి పంపితే ఇరవై నిమిషాల తర్వాత ఆరిపోయిన సాల్మన్ వచ్చింది. ప్రతి పళ్ళెంతోనూ ఒక బట్టీ ఉపన్యాసం. కిటికీలోంచి నగరం అందంగా కనిపించింది, నిజమే. దానికి పైసా తీసుకోని ఎత్తైన కట్టడాలు ఒసాకాలో ఉన్నాయి.

అత్తయ్య కోసం వెతికినవే మా యాత్రలో బాగా నిలిచాయి. బౌద్ధ ఆలయాల వంటను షోజిన్ ర్యోరి అంటారు. మాంసం, చేప లేవు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. పులుసుకు కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులు. క్యోటో అరాషియామాలో, 14వ శతాబ్దపు తోట ఉన్న తెన్ర్యూజి ఆలయంలో షిగెత్సు అనే భోజనశాల మధ్యాహ్నం మాత్రమే తెరుస్తుంది. ధర కైసెకితో పోలిస్తే చాలా తక్కువ. తోట ప్రవేశానికి వేరే టికెట్. కూర్చునేది నేల మీద, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీ దొరుకుతుందేమో ముందే అడగండి. నువ్వుల తోఫును అత్తయ్య రెండుసార్లు మెచ్చుకున్నారు. అది సోయాతో చేసింది కాదు, నూరిన నువ్వులను కుజు దుంప పిండితో ఉడికించి గడ్డకట్టించినది.

రాత్రి బసకు కోయాసాన్ అనే ఆలయాల కొండకు వెళ్ళాం. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి నంకాయ్ సంస్థ రైలు, గొకురాకుబాషి దగ్గర కేబుల్ కారు, పైన బస్సు. 816లో కూకాయ్ అనే సన్యాసి మొదలుపెట్టిన ఈ కొండ మీద వందకు పైగా ఆలయాలున్నాయి, యాభై దాకా బస ఇస్తాయి. రెండు పూటల భోజనంతో మనిషికి సుమారు 12,000 యెన్ల నుంచి మొదలు. ఈ డబ్బుకు హోటల్ సౌకర్యాలు ఆశించకూడదు. పరుపు నేల మీద, స్నానాలగది ఉమ్మడి, మా గదికి తలుపు బదులు కాగితపు తెర, పొద్దున చలి సున్నాకు దగ్గర. ఎర్ర లక్క పళ్ళాల్లో గడ్డకట్టించి ఎండబెట్టిన కోయా తోఫు, బజ్జీల్లాంటి కూరగాయల తెంపురా, పులుసు, అన్నం అన్నీ ఒకేసారి వచ్చాయి. అన్నం కోసం ఎదురుచూడనక్కర్లేదని మావారు సంతోషించారు. ఆలయంలో బీరు కూడా ఇస్తారని తెలిసి ఇంకా సంతోషించారు.

తెల్లవారి ఆరింటి ప్రార్థనలో అగ్నిగుండం వెలిగించి, కట్టెలు ఒక్కొక్కటే వేస్తూ మంత్రాలు చదివారు. అత్తయ్య చేతులు జోడించి, “ఇది హోమమేనమ్మా” అన్నారు. నిజమే, కూకాయ్ చైనా నుంచి తెచ్చిన ఈ షింగోన్ అనే బౌద్ధ పద్ధతికి వేరు మన దేశంలోనే ఉంది. అక్కడి నుంచి ఒకునోయిన్ సమాధుల దారిలో, రెండు లక్షలకు పైగా రాళ్ళ మధ్య, జపాన్ దేవదారుల కింద రెండు కిలోమీటర్లు నడవవచ్చు. చాలావరకు చదునైన దారే, పెద్దవాళ్ళకూ కష్టం కాదు.

ఒక జాగ్రత్త. అక్కడ సాయంత్రం ఐదున్నరకే భోజనం పెట్టేస్తారు, దుకాణాలు తొందరగా మూసేస్తారు. రాత్రి తొమ్మిదికి ఆకలేస్తుంది. సంచిలో జంతికలు ఉంచుకోండి, గదిలో తినవచ్చో లేదో మాత్రం ముందే అడగండి.