పాత కీబోర్డుకి నీళ్లా, ఆల్కహాలా?

శ్రీకాకుళం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కీబోర్డు కడగడం కన్నా ఆరబెట్టడమే కష్టం. కీలు పీకి సబ్బునీళ్లలో నానబెడితే జిడ్డంతా వదిలిపోతుంది. వాటికి నీళ్లే మేలు, ఖర్చూ లేదు.

లోపలి సర్క్యూట్ బోర్డు సంగతి వేరు. బోరు నీళ్లలోని లవణాలు ఆరాక చిప్పు కాళ్ల మధ్య తెల్లటి పొరలా మిగిలిపోతాయి. దానికి గాలిలో తేమ తోడైతే తుప్పు మొదలైనట్టే. అందుకే అక్కడ నా ఓటు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కే. బ్యాటరీ తీసేసి, మెత్తటి బ్రష్షుతో రుద్దితే సందుల్లోకి వెళ్లి త్వరగా ఆవిరైపోతుంది. కాకపోతే ఇట్టే మంట అంటుకునే సరుకు, కిటికీలు తెరిచే ఉంచాలి.

నీళ్లతోనే కడగాలంటే చివర్లో లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫ్యాను కింద కనీసం రెండు రోజులు వదిలేయండి. వానాకాలమైతే ఇంకా ఆగండి. తడి ఉండగా కరెంటు ఇవ్వొద్దు.