రెండుసార్లు తప్పాక మూడోసారికి: సీఎఫ్ఏ లెవెల్ 1 అధికారిక ప్యాకేజీ ఎంతవరకు ఆదుకుంటుంది?

సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) అనేది పెట్టుబడుల రంగంలో మూడు లెవెళ్ల పరీక్ష, లెవెల్ 1 అందులో మొదటిది. దీనికి ఫీజు కట్టినవాళ్లందరికీ సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ తన ఆన్‌లైన్ పోర్టల్‌లో పాఠాలు, ప్రశ్నల బ్యాంకు, మాక్ పరీక్షలు ఇస్తుంది. పరీక్ష తేదీని బట్టి చదువు ప్రణాళిక కూడా వేసి ఇస్తుంది. తొలిసారి రాసేవాళ్లకు ఇది సరిపోతుందా అన్న చర్చ ఎప్పుడూ ఉన్నదే. ఇక్కడ చూసేది వేరు. ఒకసారి కాదు, రెండుసార్లు తప్పి, మూడోసారి ఫీజు కట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లకు ఇదే ప్యాకేజీ ఏ మేరకు పనికొస్తుంది? ముందే చెప్పేస్తే, బాగా పనికొస్తుంది, కానీ మొదటిసారి వాడినట్టే వాడితే మళ్లీ అదే ఫలితం వస్తుంది. తప్పినవాళ్లకు దీని విలువ పాఠాల్లో తక్కువ. తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టి ఇవ్వడంలోనే దాని విలువంతా ఉంది.

మొదట ఒక మాట. ఈ పరీక్ష తప్పడం అరుదైన విషయం కాదు. 2021 జూలైలో లెవెల్ 1 రాసినవాళ్లలో పాసైంది 22 శాతమే. కాబట్టి రెండుసార్లు తప్పితే బుర్ర లేదని కాదు. అయితే అవకాశాలకు లెక్క ఉంది. ఒక్కో లెవెల్‌కు మొత్తం ఆరు ప్రయత్నాలే. ఒక క్యాలెండర్ సంవత్సరంలో రెండింటికి మించి రాయనివ్వరు. వెంటవెంటనే వచ్చే విండోల్లోనూ (పరీక్ష జరిగే విడతల్లోనూ) రాయనివ్వరు. లెవెల్ 1 ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో జరుగుతుంది గనుక ఫిబ్రవరిలో తప్పినవాళ్లకు మే లేదు, ఆగస్టే. ఈ నిబంధన చాలామందికి చిరాకు తెప్పిస్తుంది గానీ తప్పినవాళ్లకు మేలే చేస్తుంది. ఫలితం చూసిన వారంలోనే ఉక్రోషంతో మళ్లీ రాసేయకుండా ఆపుతుంది.

ప్యాకేజీలో అందరూ ఒక్కసారి చూసి మూసేసేది ఫలితం రిపోర్టు. తప్పినవాళ్ల చేతిలో ఉన్న అన్నిటికన్నా మంచి కాగితం అదే. పాస్ మార్కుతో పోలిస్తే మొత్తం మీద ఎక్కడున్నారో, టాపిక్ వారీగా ఎక్కడున్నారో అది గ్రాఫులో చూపిస్తుంది. కాకపోతే దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. లెవెల్ 1లో మొత్తం 180 ప్రశ్నలు. డెరివేటివ్స్ (వేరే ఆస్తి ధర మీద ఆధారపడే ఒప్పందాలు) వెయిటేజీ 5 నుంచి 8 శాతం, అంటే 9 నుంచి 14 ప్రశ్నలు. పది ప్రశ్నలున్న టాపిక్‌లో ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే పది శాతం మారిపోతుంది. పోయినసారి డెరివేటివ్స్‌లో బాగా వచ్చి ఈసారి పడిపోయిందంటే అది చాలావరకు అదృష్టం ఆటే. ఎథిక్స్ (వృత్తి నైతికత) అలా కాదు. 15 నుంచి 20 శాతం, అంటే 27 నుంచి 36 ప్రశ్నలు. ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ అనాలిసిస్ (కంపెనీ లెక్కల విశ్లేషణ), ఈక్విటీ (షేర్లు), ఫిక్స్‌డ్ ఇన్‌కమ్ (బాండ్లు) ఒక్కోటి 11 నుంచి 14 శాతం, అంటే ఇంచుమించు 20 నుంచి 25 ప్రశ్నలు. ఈ నాలుగింట్లో ఏది తక్కువగా కనిపించినా నమ్మాల్సిందే. రెండు ప్రయత్నాల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ కింద ఉన్న పెద్ద టాపిక్కే అసలు రోగం. ఒకదాంట్లోనే కింద ఉన్న చిన్న టాపిక్ మీద నెల రోజులు పోయడం దండగ.

పాఠాల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వివరణ బాగుంటుంది, ఉదాహరణలు బాగుంటాయి, నిడివి మాత్రం ఎక్కువ. తప్పినవాళ్లు చేసే మొదటి పొరపాటు మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. తెలిసిన పేజీలు హాయిగా సాగిపోతాయి, చదువుతున్నామన్న తృప్తి ఉంటుంది, తెలియనిది చేరేసరికి పరీక్ష దగ్గరపడుతుంది. సిఫారసు చేసే 300 గంటల్లో సగం ఇలాగే కరిగిపోతుంది. పాఠాన్ని నిఘంటువులా వాడండి. ప్రశ్న తప్పినప్పుడే తెరవండి, ఆ భాగమే చదవండి, మూసేయండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సిలబస్ ఏటా మారుతుంది. 2024లో లెవెల్ 1 నుంచి కొన్ని ప్రాథమిక అధ్యాయాలు తీసి ముందస్తు చదువులో పెట్టారు. మీ రెండో ప్రయత్నానికీ మూడోదానికీ మధ్య కొత్త సంవత్సరం వస్తే పాత నోట్సును కొత్త సంవత్సరపు లక్ష్యాల జాబితాతో ఒక పూట కూర్చుని సరిచూసుకోండి.

ఇక ప్రశ్నల బ్యాంకు. ప్యాకేజీకి ప్రాణం ఇదే, దీన్ని చెడగొట్టుకోవడం కూడా తేలికే. ఈ పరీక్షలో మూడే ఆప్షన్లు. తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టినవి కావు, చేయి ఎక్కడ జారుతుందో ముందే ఊహించి పెట్టినవి. ఒక లెక్క చూద్దాం. ఐదేళ్ల బాండు, ముఖ విలువ 1000, ఏటా 6 శాతం కూపన్ (వడ్డీ) ఆరు నెలలకోసారి చెల్లిస్తారు, రాబడి రేటు 8 శాతం. ధర ఎంత? క్యాలిక్యులేటర్ మీటల్లో సరైన పద్ధతి: ఎన్ (చెల్లింపుల సంఖ్య) 10, ఐ/వై (రేటు) 4, పీఎంటీ (ఒక్కో చెల్లింపు) 30, ఎఫ్‌వీ (చివర్లో వచ్చే ముఖ విలువ) 1000, జవాబు 918.89. ఏటా ఒకసారే చెల్లిస్తారనుకుని ఎన్ 5, ఐ/వై 8, పీఎంటీ 60 వేస్తే 920.15 వస్తుంది. కూపన్ సగం చేసి రేటు సగం చేయడం మరిచిపోతే 664.50. క్యాలిక్యులేటర్ బిగినింగ్ మోడ్‌లో (చెల్లింపు ప్రతి విడత మొదట్లోనే వస్తుందని లెక్కించే సెట్టింగులో) మిగిలిపోతే 928.62. ఒక్కో పొరపాటుకు ఒక్కో సంఖ్య. మీ జవాబు ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన అది సరైనదని అర్థం కాదు. మొదటి రెండుసార్లూ చాలామంది బోల్తా పడేది ఇక్కడే: సంఖ్య కనిపించింది, నొక్కేశారు, ముందుకు పోయారు.

అందుకే బ్యాంకులో ఒక ప్రశ్న సరైందని ఆనందపడి వదిలేయకండి. మిగతా రెండు ఆప్షన్లు ఏ పొరపాటు వల్ల వస్తాయో చెప్పగలిగితేనే అది మీకు వచ్చినట్టు. తప్పినవాళ్లకు ఈ కొలబద్ద మరీ ముఖ్యం. ఎందుకంటే బ్యాంకులోని ప్రశ్నలు ఇదివరకు చూసినవే మళ్లీ ఎదురవుతాయి. మూడోసారి 85 శాతం వస్తుంది, గుండె నిబ్బరంగా ఉంటుంది, కానీ అందులో ఎంత తెలివో ఎంత గుర్తో తెలియదు. ప్రశ్నలో మొదటి లైను చదవగానే జవాబు బీ అని తట్టిందంటే ఆ ప్రశ్న ఇక మీకు పనికిరాదు. దాన్ని అలాగే వదలకుండా సంఖ్యలు మార్చి కాగితం మీద మళ్లీ చేయండి: పై బాండులో రాబడి 5 శాతమైతే ధర 1000 కంటే ఎక్కువా తక్కువా, ముందే చెప్పి తర్వాత లెక్క కట్టండి.

క్యాలిక్యులేటర్ ప్యాకేజీలో భాగం కాదు గానీ దాన్ని వదిలేస్తే ఈ సమీక్ష సగమే అవుతుంది. హాలులోకి రెండు కుటుంబాల క్యాలిక్యులేటర్లనే రానిస్తారు: టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీఏ 2 ప్లస్ (ప్రొఫెషనల్ మోడల్ కూడా సరే), హెచ్‌పీ 12సీ. ఎక్కువమంది చేతిలో ఉండేది మొదటిదే. దాంట్లో ఏడాదికి ఎన్ని చెల్లింపులు అన్న పీ/వై సెట్టింగు కొన్ని పాత యంత్రాల్లో 12 మీద ఉంటుంది. అది చూసుకోకుండా పై బాండు లెక్క సరిగ్గా నొక్కినా 1261.84 వస్తుంది. రాబడి కూపన్ కంటే ఎక్కువైతే ధర ముఖ విలువ కంటే తక్కువే ఉండాలి కదా, ఇది ఎక్కువెలా అయింది? ఆ అనుమానం రావాలి. అది వచ్చేలా చేసేదే సాధన. పీ/వైని 1కి మార్చి అక్కడే ఉంచండి, ప్రశ్నను బట్టి రేటును మీరే భాగించుకోండి. దశాంశాలు రెండు మీద ఉంటే 9కి మార్చండి, లేకపోతే 0.0042 లాంటిది తెర మీద 0.00గా కనిపిస్తుంది. ప్రతి కొత్త లెక్కకు ముందు టీవీఎం (ఎన్, ఐ/వై, పీఎంటీ లాంటి మీటల్లోని పాత విలువలు) చెరిపేయడం వేలికి అలవాటవ్వాలి. వడ్డీ రేటు కట్టేటప్పుడు ఎర్రర్ 5 వచ్చిందంటే డబ్బు వచ్చే వైపూ పోయే వైపూ ఒకే గుర్తు పెట్టారన్నమాట. పీవీని (ఇప్పటి ధరను) మైనస్ చేయండి. పరీక్షలో ఇది చూసి కంగారుపడితే నిమిషం పోతుంది, ఉన్నదే ప్రశ్నకు తొంభై సెకన్లు.

ఎథిక్స్ దగ్గరికొస్తే అధికారిక ప్రశ్నలకు సాటి లేదు. ఈ టాపిక్‌కే వెయిటేజీ అన్నిటికంటే ఎక్కువ గనుక, కొద్దిలో తప్పినవాళ్లకు ఇది అదనపు చదువు కాదు, మొదటి చదువు. వృత్తి ప్రవర్తనకు ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఏడు ప్రమాణాలనూ బట్టీ పట్టినవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు, ఎందుకంటే ప్రశ్న ప్రమాణాల మధ్య సరిహద్దు మీద ఉంటుంది. ఖాతాదారులను న్యాయంగా చూడాలి అంటుంది ప్రమాణం. అందరినీ సమానంగా చూడాలి అనదు. డబ్బు ఎక్కువ కట్టినవాళ్లకు అదనపు సేవ ఇవ్వొచ్చు, దాన్ని అందరికీ తెలియజేసి, మిగతావాళ్లకు నష్టం చేయకుండా ఉంటే. ఇంకొకటి: బయటికి తెలిసిన సమాచారానికి, ధరను కదిలించేంత ముఖ్యం కాని లోపలి సమాచారం కొంచెం జోడించి విశ్లేషకుడు ఒక అభిప్రాయానికొచ్చి సిఫారసు చేస్తే అది ఉల్లంఘన కాదు. తప్పు చేశాడనిపించే ప్రతివాడూ తప్పు చేసినట్టు కాదని ఈ ప్రశ్నలు ఒక్కొక్కటిగా నేర్పుతాయి. రోజుకు పది ప్రశ్నలు, చివరి వారం వరకు ఆపకుండా చేయండి. మొదట్లోనే చదివేసి పక్కన పెట్టేవాళ్లకు పరీక్ష నాటికి ఈ సరిహద్దులు చెరిగిపోతాయి.

మాక్‌లను దాచుకోండి. పోయినసారి చూడని మాక్ ఒక్కటైనా ఉంటే దాన్ని పరీక్షకు పది రోజుల ముందు వరకు తెరవకండి. రాసేటప్పుడు నిజంగానే రాయండి: 90 ప్రశ్నలకు 135 నిమిషాలు, కొద్దిసేపు విరామం, మళ్లీ 90 ప్రశ్నలకు 135 నిమిషాలు. మొదటి భాగంలో ఎథిక్స్, క్వాంట్ (గణిత పద్ధతులు), ఎకనామిక్స్, స్టేట్‌మెంట్ అనాలిసిస్ వస్తాయి, మిగతావన్నీ రెండోదాంట్లో. సగంసగం చేసి రేపు పూర్తిచేద్దాం అనుకుంటే మాక్ విలువ పోయినట్టే, ఎందుకంటే రెండో భాగం చివరి ముప్పై ప్రశ్నల్లో అలసిన బుర్ర ఎలా పనిచేస్తుందన్నదే అది చూపించాల్సింది. తప్పుకు మైనస్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకండి. వంద సెకన్లు దాటినా దారి దొరకని ప్రశ్నకు ఒక జవాబు పెట్టి, గుర్తు పెట్టి, ముందుకెళ్లండి.

పోర్టల్ మీకు స్కోరు ఇస్తుంది, ఎందుకు తప్పిందో మాత్రం చెప్పదు. దీని అసలైన లోటు అదే, దాన్ని మీరే పూడ్చుకోవాలి. ఒక నోటుపుస్తకం తీసి తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణం రాయండి: విషయం తెలియదు, ప్రశ్న సరిగా చదవలేదు, వేలు జారింది, సమయం చాలలేదు. జవాబు చూడకముందే పక్కన ఖాయం, అనుమానం, ఊహ అని రాసుకుని ఉంటే ఇంకా మంచిది. ఖాయం అనుకుని తప్పినవి అన్నిటికంటే ప్రమాదకరం. తెలియనిదాన్ని చదివి నేర్చుకోవచ్చు. తెలుసనుకున్నదాన్ని ఎవరూ మళ్లీ తెరిచి చూడరు. అలా ఖాయం అనుకుని తప్పిన ప్రశ్నలను మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు మరోసారి చేయండి. రెండు వందల ప్రశ్నలు రాసేసరికి మీ తప్పుల తీరు మీ ముందుంటుంది. కొందరికి చదవడంలో తొందర, కొందరికి ఫిక్స్‌డ్ ఇన్‌కమ్ మొత్తమే తెలియకపోవడం. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. మొదటివాళ్లు ఇంకో వంద గంటలు పాఠం చదివినా మార్కు కదలదు. వాళ్లు ప్రశ్న చివరి లైను ముందు చదివి, "కానిది", "అన్నిటికంటే తక్కువ" లాంటి మాటల కింద గీత గీసుకునే అలవాటు చేసుకోవాలి.

అదనపు డబ్బుకు అమ్మే ప్రాక్టీస్ ప్యాక్ కొనాలా? ఆ నోటుపుస్తకం నింపకముందు వద్దు. ఉన్న ప్రశ్నలనే గుర్తుపట్టేస్తున్నారు, మాక్‌లన్నీ అయిపోయాయి, తప్పులు మాత్రం ఇంకా తేలలేదు అన్నప్పుడు కొనండి, అప్పుడు కొత్త ప్రశ్నలకు నిజంగా విలువ ఉంటుంది. పరీక్ష ఫీజు విషయంలో ముందుగా కట్టేవాళ్లకు తక్కువ పడుతుంది. కానీ దాని కోసం తొందరపడి దగ్గరి విండో ఎంచుకోకండి. వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో లెక్క కట్టి, పెద్ద టాపిక్‌లు నాలుగూ సరిచేసుకోవడానికి, మూడు మాక్‌లు పూర్తిగా రాయడానికి చోటుందో లేదో చూసి, చోటున్న విండోకే కట్టండి.